తలలు సరిపోయాయి

ఆ శనివారం పొద్దున మటియు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. కొండ మీది చెక్కగది నుంచి పెళ్లికొడుకును దింపుకొని రావాలి. ఇంటి దగ్గర స్నానం చేయించి నీలం సూటు తొడగాలి. మూడు గంటలకు, పెళ్లికైనా చావుకైనా ఊరంతా చేరే మరాయె హాల్లో చుట్టపక్కాలందరి ముందూ నిలబెట్టి, తన చెల్లెలు రిపెకా చేతిలో వాడి చెయ్యి పెట్టాలి. ఇంతే. పదేళ్ల పిల్లవాడికి అప్పగించినా చేసుకొస్తాడు. మటియుకు ముప్పై నాలుగేళ్లు.

రువాహినె కొండల కింద ఉన్న మా ఊళ్లో వాళ్ల కుటుంబానికి ఒక పద్ధతి ఉంది. ఇంటికి అల్లుడిగా వచ్చేవాడు పెళ్లికి ముందు రాత్రి, వాళ్ల తాత తన చేతులతో కట్టిన ఆ చెక్కగదిలో పడుకోవాలి, తెల్లారాక తన కాళ్ల మీద తను అడవి దాటి దిగి రావాలి. ఈ పద్ధతి పెట్టింది హేని అమ్మమ్మ. తల్లిదండ్రులు పోయాక మటియునూ రిపెకానూ పెంచింది ఆవిడే. ఆ ఇంట్లో ఆవిడ మాటకు తిరుగు లేదు, ఊళ్లో కూడా పెద్దగా లేదు.

ఆవిడ పట్టుదలకు కారణం ఉంది. మూడేళ్ల కిందట రిపెకాను చేసుకోవాల్సిన ఒక వెల్లింగ్టన్ పెద్దమనిషి, పెళ్లినాటి పొద్దున ఐసుగడ్డలు తెస్తానని కారెక్కి వెళ్లాడు. ఇంతవరకూ తేలేదు. ఆ రోజు తెల్ల గౌనుతో హాలు గుమ్మంలో సాయంత్రం దాకా నిలబడ్డ పిల్లను ఊరంతా చూసింది. చూసినవాళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఇప్పటి పెళ్లికొడుకు రోవన్‌ది ఆక్లండ్. కేకుల మీద క్రీముతో పువ్వులు వేయడం అతని వృత్తి. ఎంత మెత్తని మనిషంటే, ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమాపణ చెప్పుకుంటాడు. అతన్ని చూసిన మొదటిరోజే హేని అమ్మమ్మ తేల్చి చెప్పింది: "ఈ పువ్వులబ్బాయి కొండ దిగొచ్చి మూడింటికి నా ముందు నిలబడితే మనవడా అంటాను. లేదంటే పెళ్లీ లేదు, గిళ్లీ లేదు." మటియు అయితే ఆ మాత్రం కూడా ఆశ పెట్టుకోలేదు. రిపెకా మాత్రం ముందురోజు అన్న చొక్కా పట్టుకుని ఒక్కమాటే అడిగింది. "అన్నయ్యా, ఇంకోసారి ఆ గుమ్మంలో నిలబడటం నా వల్ల కాదు. వాణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చెయ్."

తెల్లారగానే రోవన్ వాగు దగ్గర మొహం కడుక్కోబోయాడు, కళ్లజోడు జారి నీళ్లలో పడి కొట్టుకుపోయింది. అది లేకపోతే అతనికి చెట్టుకూ మనిషికీ తేడా తెలియదు. ఈ సంగతి చెబితే మటియు నవ్వుతాడు, నవ్వి ఊరుకోడు, వెళ్లి అమ్మమ్మకు చెబుతాడు. అందుకని రోవన్ నోరు మూసుకున్నాడు. మటియుకూ ఆ పూట కావాల్సింది అదే.

"ఒరేయ్, అందరూ వినండి," అన్నాడు మటియు నుదురు నొక్కుకుంటూ. రాత్రి తోడుకొచ్చిన మిత్రులతో, పెళ్లికొడుకుతో కలిసి వాళ్లు అయిదుగురు. "రాత్రి తాగిందానికి నా బుర్ర బద్దలైపోతోంది. రోడ్డెక్కేదాకా ఎవడూ నోరు విప్పొద్దు. బావా, నీకు మరీ చెప్తున్నా. నువ్వు ఆలోచించకు. ముందున్నవాడి వీపు చూస్తూ నడువు, ఎవరేం చెయ్యమంటే అది చెయ్యి."

"అలాగే బావా," అన్నాడు రోవన్, ఒక చెట్టు వైపు తిరిగి.

వాన మొదలైంది. అందరూ వానకోట్లు తొడుక్కుని టోపీలు ముక్కు దాకా లాక్కున్నారు. మా ఊళ్లో కొండ సామాన్ల దుకాణం ఒక్కటే ఉంది. పోయిన చలికాలం వాడు ఆకుపచ్చ కోట్లు సగం ధరకు అమ్మేశాడు. అప్పట్నుంచీ మా కొండల్లో నడిచేవాళ్లందరూ వెనకనుంచి ఒక్కలాగే ఉంటారు.

గంటన్నర దిగాక, ఆ వాగు వచ్చి కలిసే ఏటి మీద వేలాడే వంతెన వచ్చింది. దాని మీద ఒక్కసారికి ఒక్క మనిషే నడవాలి. అవతలి ఒడ్డున ఊరి నడక క్లబ్బువాళ్లు ఏడుగురు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్ల నాయకురాలు నోలా, ముప్పై ఏళ్లు బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఇక చూడండి, మా వాళ్లకు జలుబు కంటే తొందరగా అంటుకునే జబ్బు ఒకటుంది, దాని పేరు మర్యాద.

"ముందు మీరు రండి, దిగి దిగి అలిసిపోయుంటారు!" అని నోలా అటునుంచి అరిచింది.

"అబ్బే, మీరే రండి టీచర్, మీకింకా బోలెడు ఎక్కాలి!" అని మటియు ఇటునుంచి అరిచి, తల పట్టుకున్నాడు.

"అలా ఎలా కుదురుతుంది, మీరు రండి!"

"లేదు లేదు, మీరే!"

ఇలా ఇద్దరూ తడిసి ముద్దయ్యాక రాజీ కుదిరింది. అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు, వంతులవారీగా. ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు లేదు, ఇంతకంటే తెలివితక్కువ ఏర్పాటూ లేదు. పావుగంటలో రెండు ఒడ్ల మీదా ఆకుపచ్చ కోట్లు కలగలిసిపోయాయి.

రోవన్ తన వంతుకు వంతెన దాటి, అవతల ఏదో ఒక వీపు కోసం వెతుక్కుంటూ నిలబడ్డాడు. తన వాళ్లందరూ దాటేదాకా ఆ ఒడ్డునే ఉంటానన్న నోలా కంట అతను పడ్డాడు. "ఏంటలా దిక్కులు చూస్తున్నావ్? నీ వంతే! పద, పద!" అని గదిమింది. ఆ గొంతు విని మా ఊళ్లో యాభై ఏళ్లవాళ్లు కూడా చేతిలో సిగరెట్టు పారేస్తారు. రోవన్ మారుమాట లేకుండా వెనక్కి తిరిగి మళ్లీ వంతెనెక్కాడు. పైన ఎవరో ఏదో మరిచిపోయి ఉంటారు, అడిగితే బాగుండదు అనుకున్నాడు.

క్లబ్బులో అసలు ఏడో మనిషి ఆర్విడ్. డెబ్బై దాటిన బ్రహ్మచారి, బొత్తిగా చెవుడు. చెవిలో పెట్టుకునే మిషను తడుస్తుందని తీసి జేబులో వేసుకుని, ఆ సమయానికి చెట్టు చాటుకు ఒంటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కొన్ని ఆకుపచ్చ కోట్లు రోడ్డు వైపు నడిచిపోతున్నాయి. వాన చూసి నోలా ప్రయాణం మానుకుంది కాబోలు, ఇన్నాళ్లకు ఒక తెలివైన పని చేసింది అనుకుని సంతోషంగా వాళ్ల వెనకే కదిలాడు.

కొండ వైపు ఒడ్డున నోలా తలలు లెక్కపెట్టింది. ఏడు. రోడ్డు వైపు ఒడ్డున మటియు తలలు లెక్కపెట్టాడు. అయిదు. కొండల్లో తిరిగేవాళ్లు తలలే లెక్కపెడతారు, మొహాలు చూడరు. ఇద్దరూ తృప్తిగా చెరో దిక్కు నడిచారు.

రోడ్డు మీద వ్యానెక్కాక మటియుకు తలనొప్పి కాస్త తగ్గి, మనసు మెత్తబడింది. వెనక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని, టోపీ దించుకుని కూచున్న పెళ్లికొడుకుతో మాట్లాడాలనిపించింది.

"చూడు బావా, ఉన్నమాట చెప్తా. నువ్వంటే నాకు పెద్ద ఇష్టం లేదు."

గతుకుల రోడ్డు. టోపీ పైకీ కిందికీ ఊగింది.

"మా చెల్లి ఒకసారి దెబ్బ తింది. ఆ రోజు తర్వాత ఆర్నెల్లు సరిగ్గా అన్నం తిన్లేదది. నువ్వు గనక దాన్ని ఏడిపించావో, ఇదే కొండమీద గొయ్యి తీసి పాతేస్తా. అర్థమైందా?"

టోపీ మళ్లీ ఊగింది. ఇంత బెదిరిస్తే కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడంటే మామూలు మనిషి కాదని, మటియుకు మొదటిసారి కాబోయే బావ మీద గౌరవం పుట్టింది.

ఇంటి దగ్గర సూటు ఇస్త్రీ చేసి ఉంది, వేణ్ణీళ్లు సిద్ధంగా ఉన్నాయి. "రా బావా, రా," అంటూ మటియు ప్రేమగా ఆ వానకోటు విప్పాడు. విప్పి అలాగే కొయ్యబారిపోయాడు. లోపలినుంచి బట్టతల, తెల్లగడ్డం, ముడతలుపడ్డ మొహం బయటికొచ్చాయి. మిత్రుల్లో ఒకడు "రాత్రికి రాత్రే ఇంత ముసలాడయ్యాడేంట్రా!" అని గోడకు అతుక్కుపోయాడు.

"మీ... మీరెవరు?" అన్నాడు మటియు.

"టీ ఉంటే ఇవ్వు బాబూ," అన్నాడు ఆర్విడ్.

చెవి మిషను నీళ్లు తాగి చచ్చిపోయింది. మటియు ముసలాయన చెవి దగ్గర నోరు పెట్టి "మా పెళ్లికొడుకేడీ?" అని మూడుసార్లు అరిచాక ప్రశ్న లోపలికి వెళ్లింది.

"ఓ, ఆ కుర్రాడా? చెట్టు చాటునుంచి చూశా. వంతెన దాటాడు, మళ్లీ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. తొందర తొందరగా వెళ్లాడు పాపం."

మటియు మెదడు ఈ మాటను అరిగించుకునేలోపే, కిటికీ అవతల చిలగడదుంపలు చెక్కుతున్న పిన్ని దాన్ని అందుకుంది. వెనక్కి వెళ్లాడన్నమాట పెరట్లోకి చేరేసరికి కావాలనే వెళ్లాడన్నమాట అయింది. పెళ్లి మాంసం పాతి ఉడికించే హాంగి గొయ్యి దగ్గర రాళ్లు కాలుస్తున్న మగవాళ్లు దానికి మరికాస్త మంట పెట్టారు. పెళ్లికూతురి గదికి చేరేటప్పటికి, పెళ్లికొడుకు సగం దారిలో మనసు మార్చుకుని కొండల్లోకి పారిపోయాడు.

రిపెకా సగం జడతో అద్దం ముందు కూచుని ఉంది. ఏడవలేదు. "మళ్లీనా?" అంది, అంతే. ఆ ఒక్కమాటకు గదిలో ఉన్న ఆడవాళ్లందరూ కళ్లొత్తుకున్నారు.

మటియు పరుగెత్తుకొచ్చాడు. "పారిపోలేదే చెల్లీ! పోయాడంతే!"

"తేడా ఏంటి?"

"అంటే... మనమే పోగొట్టుకున్నామన్నమాట."

"పెళ్లికొడుకుని పోగొట్టుకుని ఇంకో మనిషిని తీసుకొచ్చావా? కళ్లెక్కడ పెట్టుకున్నావన్నయ్యా? తలలు లెక్కపెట్టావు కదూ?" ఆమె అన్న చేతిలో దువ్వెన పెట్టి మొహం తిప్పుకుంది. "పారిపోయాడు. నువ్వు నాకోసం కట్టుకథలు చెప్పక్కర్లేదు."

వాళ్ల మామయ్య వెటిని మా ఊరి పోలీసు. కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే దళానికి పెద్ద కూడా ఆయనే. దళంలో ఉన్నవాళ్లందరూ ఆ రోజు పెళ్లికొచ్చినవాళ్లే. కాబట్టి పావుగంటలో కోట్లూ టైలూ తొడుక్కున్న పాతికమంది, మోకులు భుజానేసుకుని ఏటి దారి పట్టారు. పారిపోయినవాణ్ణి పట్టుకు తన్నడానికి కొందరు, తప్పిపోయినవాణ్ణి కాపాడటానికి కొందరు. మరాయెలో హేని అమ్మమ్మ, హాంగి గొయ్యి, చలికి వణుకుతున్న ఆర్విడ్ మిగిలారు. అమ్మమ్మ ముసలాయన్ని చూసి, హ్యాంగరుకు వేలాడుతున్న నీలం సూటు వంక చూసింది. "వేసుకునేవాడు ఎలాగూ లేడు. నువ్వయినా వేసుకో, లేకపోతే ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది," అని సూటు చేతికిచ్చింది.

వంతెనకు కాస్త దిగువన, ఏటికి అడ్డంగా పడున్న దుంగ కొమ్మకు ఏదో తళుక్కుమంది. వెటిని మామయ్య నడుముల్లోతు దిగి దాన్ని తీశాడు. కళ్లజోడు. రోవన్‌దే. మామయ్య టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. మటియు బురదలో చతికిలబడ్డాడు. గొయ్యి తీసి పాతేస్తానన్నందుకు తన నెత్తి తనే బాదుకున్నాడు. ఆ బెదిరింపు రోవన్ విననే లేదన్న సంగతి కూడా ఆ క్షణంలో గుర్తురాలేదు.

తిట్టడానికని వెనకనుంచి బూట్లేసుకుని వచ్చిన రిపెకా, మామయ్య చేతిలో ఉన్నదాన్ని చూసింది. పొద్దున్నించీ పళ్లు కొరుకుతున్న మనిషి ఒక్కసారిగా అరిచిన అరుపుకు ఏరు కూడా ఆగినట్టయింది. తెల్ల గౌనుతోనే నీళ్లలోకి దిగిపోయింది. నలుగురు పట్టుకుంటే ఆగలేదు. "పారిపోయావని తిట్టాన్రా! పొద్దున్నించీ నిన్నే తిట్టాన్రా!" అంటూ రాళ్ల సందుల్లో చేతులు పెట్టి వెతికింది.

అదే సమయంలో కొండ పైన, అడవి పలచబడే చోట, నోలా తన వాళ్లను కూచోబెట్టి బాదంపప్పులూ చాక్లెట్టు ముక్కలూ పంచుతోంది.

"ఇదిగో ఆర్విడ్, పట్టు," అంది.

టోపీ వెనక్కి తొలిగింది. నున్నటి గడ్డం, పాతికేళ్ల మొహం, దిక్కులు చూసే కళ్లు. నోలా చేతిలోని పొట్లం నేలపాలైంది. ముప్పై ఏళ్లలో ఎన్నో చూసింది గాని, తన వరసలో నిలబడ్డ పిల్లాడు మారిపోవడం ఆమె ఎరగదు.

"ఎవరు నువ్వు?"

"పెళ్లికొడుకునండీ."

"ఎవరి పెళ్లికి?"

"నాదేనండీ. ఇవాళే, మూడింటికి."

"ఓరి నాయనో! మరి ఇంతసేపూ నోరెందుకు విప్పలేదు?"

"విప్పొద్దన్నారండీ."

"నేనన్నానా?"

"మా బావ అన్నాడండీ. వంతెన దాటమన్నది మాత్రం మీరే."

"కొండ ఎక్కుతున్నామని నీకు తెలియడం లేదూ?"

"తెలుస్తోందండీ. ఎవరో ఏదో మరిచిపోయుంటారు, అడిగితే నొచ్చుకుంటారేమోనని..."

 నోలా మిగిలినవాళ్లను చెక్కగదికి పొమ్మని, పెళ్లికొడుకు మణికట్టు పట్టుకుంది. వచ్చిన దారిన పోతే మూడు దాటిపోతుంది. తూర్పు గట్టు మీదుగా నిలువునా దిగితే గొర్రెల మెర్విన్ పొలం వస్తుంది, అక్కడ బండి ఉంటుంది. కళ్లు కనపడని రోవన్ ఆ గట్టు మీద సగం దూరం నడిచాడు, సగం దూరం జారాడు. ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. "రిపెకా గుమ్మంలో నిలబడుంటుందండీ, పదండి," అన్నాడు పడ్డ ప్రతిసారీ. ఆ మాటకు నోలాకే కళ్లు చెమర్చాయి.

మెర్విన్ ఇద్దర్నీ రెండు కుక్కలతో పాటు బండి వెనక వేసుకుని, ఎందుకు ఏమిటి అని అడగకుండా మరాయె ముందు దించాడు. సరిగ్గా మూడవుతోంది.

హాలు నిండా పువ్వులున్నాయి, మనుషులు లేరు. రోవన్ కళ్లు చికిలించి చూశాడు. ముందు వరసలో తన నీలం సూటు కనిపించింది. సూటులో ఎవరో ఉన్నారు. పక్కన తెల్లటి బట్టల్లో ఒక ఆడమనిషి. ఇద్దరికీ ఎదురుగా కారు తాళాలు గలగలలాడిస్తూ పెళ్లి జరిపించే ఆవిడ. 

"పెళ్లి అయిపోయిందా?" అన్నాడు రోవన్.

తెల్ల శాలువాలో ఉన్న హేని అమ్మమ్మ తలెత్తింది. ఏట్లో కళ్లజోడు దొరికిన కబురు ఆవిడకు అప్పటికే అందింది. గుమ్మంలో చూస్తే మోకాళ్ల దాకా బురద, జుట్టునుంచి నీళ్లు కారుతూ, చనిపోయిన పిల్లాడు. ఆవిడ మొహం తెల్లబోయింది గాని గొంతు మాత్రం తొణకలేదు.

"నాయనా, దారి తప్పావు. పోయినవాళ్లు ఉత్తరానికి పోవాలి. ఇది దక్షిణం. వెనక్కి తిరిగి తిన్నగా పో తండ్రీ."

ఎవరేం చెబితే అది చేసే మనిషి, రోవన్ వెనక్కి తిరిగాడు కూడా. నోలా రెక్క పట్టుకుని ఆపింది. అమ్మమ్మ లేచొచ్చి అతని చెంప పట్టి గట్టిగా గిల్లింది. "అబ్బా!" అన్నాడతను. "బతికే ఉన్నాడు," అని ఆవిడ కూలబడింది.

సంగతంతా విన్నాక రోవన్ ఏటికి పరుగెత్తబోయాడు. ఈసారి నోలా అరిచిన అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి. "కదిలావంటే చూడు! తప్పిపోయినవాడు ఉన్నచోటే ఉండాలి, అదీ రూలు! నువ్వటు పోయి, ఆ పిల్ల ఇటొచ్చి, మళ్లీ అది అటు పోయి... మెర్విన్, నువ్వెళ్లు. దొరికాడని చెప్పు."

మెర్విన్ గొర్రెలతో తప్ప మనుషులతో మాట్లాడడు. నోరు తెరిస్తే ఏదో ఖర్చయిపోతుందన్నట్టు ఉంటాడు. ఏటి ఒడ్డున బండాపి కిటికీలోంచి ఇలా అన్నాడు:

"దొరికాడు. మా పొలం కాడ. హాల్లో దింపొచ్చాం. ముసలావిడ పక్కనే కూచుంది."

చెప్పి వెళ్లిపోయాడు. అబద్ధం ఒక్కటీ లేదు. కాని మా వైపు హాల్లోకి తెచ్చి దించేది శవాన్ని, పెద్ద ఆడవాళ్లు పక్కన కూచుని కాపలా కాసేదీ శవానికే. ఒడ్డంతా ఒక్క నిట్టూర్పు విడిచింది. ఆడవాళ్లు చెట్ల ఆకులు తుంపి దుఃఖానికి పెట్టుకునే దండలు అల్లి తలలకు చుట్టుకున్నారు. కార్లు లైట్లు వేసుకుని మెల్లగా బారులు తీరాయి. మొదటి కార్లో రిపెకా కళ్లజోడును రెండు చేతుల్లో పట్టుకుని కూచుంది.

హాల్లో రోవన్ కదలకుండా నిలబడ్డాడు. పెళ్లి జరిపించే ఆవిడ, తనకు నాలుగింటికి పక్క ఊళ్లో ఇంకో పెళ్లి ఉందని రెండుసార్లు చెప్పింది. "రాదేమో బాబూ, కూచోరాదూ," అంది.

"వస్తుందండీ," అన్నాడతను. "రాకపోయినా ఇక్కడే ఉంటాను. ఎదురుచూసినవాళ్లకి ఎలా ఉంటుందో ఆ అమ్మాయి నాకు చెప్పింది."

హేని అమ్మమ్మ అతని వంక చాలాసేపు చూసింది. 

బయట కార్లు ఆగాయి. ఆడవాళ్లు గొంతెత్తి దీర్ఘంగా పిలుస్తూ గుమ్మం వైపు కదిలారు. పెళ్లికూతురికి ఇంత ఘనంగా స్వాగతం చెబుతారని తెలియని రోవన్ మురిసిపోయి, తడిచొక్కా సర్దుకున్నాడు. అమ్మమ్మకు మాత్రం అది శవాన్ని పలకరించే పిలుపని వినగానే తెలిసింది. నోలా తలుపు దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది. బయట మటియు మాట్లాడటం మొదలుపెట్టాడు. పోయినవాళ్లను ఎదురుగా ఉన్నట్టే పలకరించడం మా ఆచారం.

"బావా! నీ మొహాన చెప్పాల్సిన మాటలు చెప్పలేకపోయాను బావా! కేకుల మీద పువ్వులేసేవాడివని వెక్కిరించాను. నాకు తిన్నగా గీత గీయడం కూడా రాదు బావా!"

"ఆపనా?" అని నోలా గుసగుసగా అడిగింది.

"ఉండు," అంది అమ్మమ్మ. "పుట్టి బుద్ధెరిగాక వాడు నిజం మాట్లాడటం ఇదే మొదలు. కానీ."

"నీలాంటి మంచివాడు మా ఇంట్లో కాలు పెట్టడం మా అదృష్టం బావా! నా కొత్త పడవ, ఎవర్నీ చెయ్యి కూడా వెయ్యనివ్వనిది, అది నీదే బావా! అందరి ముందూ చెప్తున్నా, అది నీకే ఇచ్చేశాను!"

తర్వాత రిపెకా గొంతు వినిపించింది. చాలా చిన్నగా ఉంది. "నిన్ను ఒక్క పూట నమ్మలేకపోయాను. నువ్వు అందరిలాంటివాడివే అనుకున్నాను. నన్ను క్షమించు."

ఇక రోవన్ ఏ రూలుకూ ఆగలేదు. తలుపని గోడకు గుద్దుకున్నాడు, పక్కకు తడుముకుని తలుపు లాగాడు, బయటికొచ్చి ఆకుపచ్చ దండలు పెట్టుకున్న ఆ మసకమసక జనం అందరికీ కలిపి చెయ్యూపాడు.

పిలుపు సగంలో తెగిపోయింది.  మటియు ఉన్నపళంగా కూచుండిపోయాడు. చిలగడదుంపల పిన్ని కెవ్వుమంది. రిపెకా ఒక్కతే ముందుకు నడిచింది. అతని మొహం మీద చేతులు వేసి, ముక్కూ చెవులూ తడిమింది. తర్వాత తన చేతిలోని కళ్లజోడు అతని కళ్లకు పెట్టింది. ఆ తర్వాత ఈ చెంపా ఆ చెంపా వాయించింది.

"ఎక్కడికి పోయావురా!"

"ఎవరో పొమ్మన్నారు..."

"ఎవరు పొమ్మంటే అక్కడికి పోతావా?"

"పొరపాటే. ఇకనుంచి నువ్వు పొమ్మన్నా పోను."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. మూడేళ్లనుంచి దాచుకున్నదంతా అతని తడి భుజం మీద ఏడ్చింది. హేని అమ్మమ్మ కర్ర పొడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి గట్టిగా గొంతు సవరించుకుంది.

"నా మనవడు చెప్పిన వేళకు వచ్చి చెప్పినచోట నిలబడ్డాడు. అరగంట పెళ్లికొడుకుని ఈ గుమ్మంలో నిలబెట్టింది నువ్వే, పిల్లా! సిగ్గు లేకపోతే సరి. లోపలికి నడవండి, ఆవిడ వెళ్లిపోతోంది."

రిపెకా ఏడుస్తూనే నవ్వింది. ఆర్విడ్ నీలం సూటులో హాయిగా నిద్రపోతున్నాడు. అందుకని పెళ్లికొడుకు బురద లాగూతోనూ, పెళ్లికూతురు ఏటినీళ్లు కారే గౌనుతోనూ, చుట్టాలందరూ తలలమీద దుఃఖపు దండలతోనూ పెళ్లి జరిగిపోయింది. జరిపించినావిడ చివరి వాక్యం నడుస్తూ చదివింది. హాంగి మాడిపోయింది, అయినా ఒక్క ముక్క మిగల్లేదు.

భోజనాల దగ్గర మటియు బావ పక్కన చేరి, చచ్చిపోయాడన్న కంగారులో మనిషి ఏవేవో అంటాడని, పడవ విషయం అలాంటిదేనని నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. రోవన్ ఎప్పటిలాగే మొహమాటపడి ఒప్పుకోబోతుంటే అమ్మమ్మ అడ్డుపడింది.

పోయినవాళ్లకు నలుగురిలో ఇచ్చినమాట వెనక్కి తీసుకునే ఆచారం మా వైపు లేదు, పోయినవాళ్లు పక్కనే కూచుని భోంచేస్తున్నా సరే.